గాలి తీరువా

నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే విమానం ఎక్కేవాళ్ల దగ్గర తీరువా వసూలు చేయాలని మా చర్చిలో నిలబడి వాదించింది నేనే. ఎక్కని మనిషి ఎక్కేవాళ్లకి నియమం పెట్టడం ఎంత తేలికో అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా దాన్నుంచి బయటపడే దారి దొరక్క ఇది రాస్తున్నాను.

మాది పెనుగొండకి బస్సులో పావుగంట దూరంలో ఉన్న కాలవగట్టు ఊరు. హైస్కూల్లో సోషల్ చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. అందుకు నాకు విచారమేమీ లేదు గానీ, ఊళ్లోవాళ్లకి మాత్రం ఇప్పటికీ కొంచెం ఉంది. మా లూథరన్ చర్చిలో స్త్రీల సమాజానికి ఏళ్ల తరబడి సెక్రటరీని. కోపం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ అని నా వెనక అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ, అందులో అబద్ధమేం లేదు.

మా నాన్న లాకుల దగ్గర లస్కరుగా చేసేవాడు. కాలవ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. మా క్వార్టరు లాకుల పక్కనే ఉండేది. దాళ్వా, అంటే రెండో పంట, చేలు పొట్టమీద ఉన్న రోజుల్లో శివారు రైతులు సైకిళ్లేసుకుని వచ్చి మా అరుగుమీద కూర్చునేవారు. శివారంటే కాలవ చిట్టచివర, సముద్రానికి దగ్గరలో ఉండే చేలు. ఎగువవాళ్లు తోడుకున్నాక మిగిలితే వాళ్లకి నీళ్లు, లేకపోతే లేదు. "లస్కరుగారూ, మాకింకా చుక్క రాలేదండి" అనేవారు. "పైనించి వదిలితే కదండీ నేను ఎత్తేది" అనేవాడు నాన్న. అదీ నిజమే. కానీ నీటి తీరువా కట్టే రోజున నీళ్లు పారిన చేనికీ, పారని చేనికీ రేటు ఒకటే. "ఇదేం న్యాయమే? తాగినోడూ అంతే కట్టాలి, నోరు తెరుచుకుని చూసినోడూ అంతే కట్టాలంటే ఎలా?" అని నాన్న అన్నం దగ్గర విసుక్కునేవాడు. ఆ మాట నేను వందసార్లు విన్నాను. విన్నది చెవికేగానీ బుర్రకి ఎక్కలేదని ఈమధ్యే బోధపడింది.

మా పిన్ని కూతురు నాకంటే పదేళ్లు చిన్న. పిన్ని చనిపోయాక మా ఇంట్లోనే పెరిగింది. దానికి జడలు వేసింది, పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే. చిన్నప్పుడు లాకు తలుపులు ఎత్తితే నీళ్ల హోరుకి హడలిపోయి నా పరికిణీలో మొహం దాచుకునేది. "నేను పట్టుకున్నానుగా, నీళ్లు నిన్నేం చెయ్యవు" అనేదాన్ని. అంతే, ఏడుపు ఆపేసేది. అంత వరదనీటి ముందు పన్నెండేళ్ల పిల్ల పట్టుకుంటే ఎంత, పట్టుకోకపోతే ఎంత? కానీ నేను చెప్పిందల్లా నమ్మడం దానికి అప్పట్నుంచే అలవాటు.

దాన్ని సముద్రం పక్క ఊరికి ఇచ్చాం. మంచి సంబంధమే. మొగుడు నెమ్మదస్తుడు, ఎకరన్నర పొలం ఉండేది. ఆ పొలంలో మెల్లగా ఉప్పు తేలింది. మొదట గట్లమీద తెల్లగా పొడిలా కనిపించింది, తరవాత నారు ఎర్రబడింది, తరవాత నారు పోయడమే మానేశారు. మా మరిది ఆటో కొనుక్కున్నాడు. చెల్లి కువైట్ వెళ్లి ఒక ఇంట్లో వంటపనికి కుదిరింది. అప్పటికి దాని కూతురికి ఎనిమిదేళ్లు. చదువు బావుంటుందని పిల్లని నా దగ్గర వదిలి వెళ్లింది. ఆరేళ్లలో ఒక్కసారి, నెలరోజుల సెలవుమీద వచ్చి వెళ్లింది. ఆ పిల్లకి ఇప్పుడు పధ్నాలుగు. నన్ను పెద్దమ్మా అంటుంది, నా కళ్లజోడు ఎక్కడుందో నాకంటే దానికే బాగా తెలుసు.

రెండేళ్ల కిందట స్త్రీల సమాజం వార్షిక కూడిక చెల్లి అత్తవారి ఊళ్లోని సంఘంలో పెట్టారు. వ్యానులో వెళ్లాం. వెళ్లగానే టీలు ఇచ్చారు. ఒక గుక్క తాగి అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. టీ ఉప్పగా ఉంది. "మా బోరు నీళ్లు అలాగే ఉంటాయండి. పంచదార ఎక్కువే వేశామండి, అయినా తెలిసిపోద్ది" అని ఆ ఇల్లాలు తప్పు చేసినదానిలా నవ్వింది. మధ్యాహ్నం సమాధుల తోట చూపించారు. ముందు వరస లేదు. సముద్రం తీసుకుపోయింది. చెల్లి అత్తగారి సమాధి ఆ వరసలోనే ఉండేది. మా మరిది చేతులు కట్టుకుని అలల్లోకి చూపించి "అదిగోనండి వదినగారూ, అక్కడ" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఎవరూ పాటలు పాడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఎవరిమీద చూపించాలో తెలియక వారం రోజులు దొరికింది దొరికినట్టు చదివాను. కొన్ని దేశాల్లో విమాన ప్రయాణం మీద పన్ను వేస్తున్నారని, ఆ పొగవల్ల జరిగే నష్టానికి ఎక్కేవాళ్లే కట్టాలని వాదిస్తున్నారని పేపర్లో వచ్చింది. చదవగానే మా నాన్న నీటి తీరువా గుర్తొచ్చింది. నీళ్లు వాడుకుంటే తీరువా ఉన్నప్పుడు, గాలిని వాడుకుంటే ఎందుకు ఉండకూడదు? ఈ మాట నాకెంత నచ్చిందంటే, టెంత్ పిల్లలకి పాఠం ఆపి మరీ చెప్పాను.

మా చర్చిలో పిడికెడు బియ్యం అని ఒక ఆచారం ఉంది. పూటపూటా అన్నానికి బియ్యం కొలుచుకున్నాక, ఎసట్లో పోయకముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుడిది. తిన్నాక మిగిలింది ఇవ్వడం కాదు, తినకముందే తీయాలి. నెలకొకసారి ఆ బియ్యమంతా తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఎవరు పాడుకుంటే వాళ్లు పట్టుకెళతారు, వచ్చింది పేదల నిధికి పోతుంది. ఒకసారి దేవుడికని తీసిన బియ్యాన్ని, వేలంలో పాడుకుంటే తప్ప, ఏ ఆడదీ మళ్లీ తన ఇంట్లో వండదు. నాకు వచ్చిన ఆలోచన దీనిమీదే కట్టాను.

స్త్రీల ఆదివారం నాడు వాక్యం చెప్పే వంతు నాది. పుల్పిట్ మీద నిలబడి ఉప్పు టీ గురించి, సమాధుల గురించి చెప్పాను. తరవాత గొంతు పెంచాను. "మనం విమానం ఎక్కితే ఆ పొగ ఎక్కడికీ పోదు. ఆ వేడికి సముద్రం ఉబ్బుతుంది. మనలో ఎవరు విమానం ఎక్కినా, ఎక్కిన ప్రతిసారీ ఒక అలని తోలుకెళ్లి శివారువాళ్ల గుమ్మానికి కట్టేసినట్టే!" అన్నాను. చర్చి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు భలే నచ్చింది. డెల్టా దానంతటది కుంగుతోందని, పైన ఆనకట్టల దగ్గరే ఒండ్రు ఆగిపోతోందని కూడా నేను చదివాను. కానీ అవన్నీ చెబితే మాట చప్పబడిపోతుందని వదిలేశాను. చివరికి, విమానం ఎక్కే ప్రతివాళ్లూ ఎక్కకముందే కుంచెడు బియ్యం ఖరీదు ఒక పెట్టెలో వేయాలని, దానితో శివారు సంఘానికి మంచినీళ్ల ట్యాంకరు పంపుదామని చెప్పాను. "గొప్పా బీదా లేదు. పిడికిలి అందరిదీ ఒకటే" అని ముగించాను.

మొదట లేచింది మా సంఘపెద్దల్లో ఒకాయన. రొయ్యల మేత ఏజెన్సీ ఉంది. మధురపూడి వెళ్లి పొద్దున్న విమానం ఎక్కి, హైదరాబాదులో పని చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. చెన్నై వెళతారు, కంపెనీవాళ్లు డీలర్లని తీసుకెళితే బ్యాంకాకూ వెళతారు. మా ఊళ్లో విమానం అనగానే గుర్తొచ్చేది ఆయనే. నేను ఆ మాటలన్నీ అన్నది ఆయన్ని దృష్టిలో పెట్టుకునే. "టీచరుగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమండి. నేను రేపు ఎక్కుతున్నాను. మొదటి కానుక నాదేనండి" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వడ్రంగి పని తెలిసిన ఒక పెద్దాయన టేకు చెక్కతో పెట్టె చేసిచ్చారు. దానికి మేం ఏదో పేరు పెట్టాం గానీ ఊళ్లో మాత్రం గాలి తీరువా అనే పిలిచేవారు. పెట్టెలో వేసినవాళ్ల పేర్లు జాబితా రాయడం నా పని. ఆ జాబితాని ఆదివారం ప్రకటనల్లో పాస్టరు అయ్యగారు చదివేవారు. రెండు నెలల్లో ట్యాంకరు మొదలైంది. వారానికి రెండుసార్లు మంచినీళ్లు వెళ్లేవి. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల ఫొటోలు మా వాట్సాప్ గ్రూపులో వచ్చేవి. నాకు కన్నీళ్లు ఆగేవి కావు. జీవితంలో ఒక మంచి పని చేశాననుకున్నాను.

మేత ఏజెన్సీ ఆయన మాట తప్పలేదు. ప్రతిసారీ వేశారు. ఒకరోజు చర్చి మెట్లమీద ఎదురై నవ్వుతూ అన్నారు. "మీ పుణ్యమాని మనశ్శాంతిగా ఉందండి టీచరుగారూ. ఇదివరకు టీవీలో ఆ వేడెక్కడం అదీ చూసినప్పుడు ఏదోలా ఉండేది. ఒక్కోసారి రాత్రి రైలుకే పోయేవాణ్ణి. ఇప్పుడు కట్టేస్తున్నాం కదండి, హాయిగా ఎక్కుతున్నాను. వేసవిలో పిల్లల్ని కూడా సింగపూరు తీసుకెళదామనుకుంటున్నానండి."

రైలుకి వెళ్లే మనిషిని నేనే విమానం ఎక్కించాను! ఆయన్ని ఏమనగలను? మనిషి మంచివాడు, అడిగిందల్లా ఇస్తున్నాడు. ఆయన ఎన్నిసార్లు ఎక్కితే ట్యాంకరు అన్నిసార్లు నిండుతోంది. "ఆయ్, మంచిదండి" అని నవ్వి లోపలికి వెళ్లిపోయాను.

నేను మాట్లాడినదాన్ని కుర్రాళ్లెవరో ఫోనులో రికార్డు చేశారు. అది ఊరంతా తిరిగి కువైట్ చేరింది. చెల్లి దగ్గర్నించి ఫోను వచ్చింది. "అక్కా, ఎంత బాగా చెప్పావే! నాకు ఏడుపొచ్చేసింది. మా అత్తగారి సమాధి సంగతి కూడా చెప్పావుగా" అంది. మర్నాడే మా మరిది ఒక కవరు తెచ్చి పెట్టెలో వేసి వెళ్లాడు. మూడేళ్ల కిందట సెలవుకి వచ్చినప్పుడు, తిరిగి వెళ్లినప్పుడు, అంతకుముందు మొదటిసారి వెళ్లినప్పుడు, అన్నిటికీ కలిపి పంపిందట.

ఆ రోజు నేను ఆ కవరు వెనక్కి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు సరికదా, గర్వపడ్డాను. ఆ ఆదివారం ప్రకటనలప్పుడు నేనే లేచి, "పరాయి దేశంలో వంటపని చేసుకునే మనిషి పాత బాకీ కూడా కట్టింది. ఇక్కడ ఏసీ కార్లలో తిరిగేవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు" అని దెప్పాను. గల్ఫులో ఆడవాళ్లున్న ఇళ్లు మా సంఘంలో మరో అయిదారు ఉన్నాయి. ఆ తరవాత వాళ్లందరూ ఒక్కొక్కరే తెచ్చి వేశారు. వేసేటప్పుడు ఎవరూ నా మొహంలోకి చూడలేదు. అది భక్తి అనుకున్నాను.

పోయిన ఈస్టరుకి చెల్లి రావాలి. ఆ ఈస్టరుకి దాని కూతురు మొదటిసారి ప్రభువు బల్ల దగ్గరికి వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. మా సంఘంలో ఆ రోజు పిల్లలు తెల్లబట్టలు కట్టుకుంటారు, తల్లి పిల్ల తలమీద తెల్ల ముసుగు వేసి చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళుతుంది. "నేను వచ్చి వేస్తాను, పెద్దమ్మని వెయ్యనివ్వకు" అని చెల్లి ఏడాదిగా చెబుతోంది. వాళ్ల మేడం సెలవు కూడా ఇచ్చింది. పిల్ల గోడమీద క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ ఉండేది.

ఈస్టరుకి ముందు ఉండే నలభై రోజుల శ్రమకాలం మొదలైన రోజునే చెల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. స్కూల్లో స్టాఫ్ రూమ్‌లో విన్నాను. "అక్కా, నేను రావట్లేదే. పిల్లకి నువ్వే మెల్లగా చెప్పు."

వెంటనే ఫోను చేశాను. సెలవు రద్దయిందా అన్నాను. లేదంది. డబ్బు ఇబ్బందా అన్నాను. అదీ కాదంది. కాసేపు నసిగి చెప్పింది.

"నేను ఇక్కడ గిన్నెలు తోముకుంటూ నీ మాటలు రోజూ వింటానక్కా. మొన్న మా ఆయన ఫోను చేసి మన వీధి చివర కొబ్బరిచెట్లు కూడా పడిపోయాయన్నాడు. ఇంక మన ఇంటికీ సముద్రానికీ మధ్య రెండిళ్లే ఉన్నాయంట. నేను ఇప్పటికి మూడుసార్లు ఎక్కాను కదా. మూడు అలలు. ఇప్పుడొస్తే మళ్లీ రానూపోనూ రెండు. నా సరదాకి నా గుమ్మంలోకి నేనే తోలుకోనా?"

"పిచ్చిదానా, ఒక్క మనిషి ఎక్కితే అలలు రావే! నేను అన్నది నీ గురించి కాదు" అని అరిచాను. స్టాఫ్ రూమ్‌లో అందరూ తలలెత్తారు.

"మరి ఎవరి గురించక్కా?" అంది చెల్లి. కోపం లేదు గొంతులో, నిజంగానే అడిగింది. "ఎవరు ఎక్కినా అన్నావుగా. నీకు కావలసినవాళ్లలో విమానం ఎక్కేది నేనొక్కదాన్నేగా."

ఫోను పెట్టేశాక బెల్లు కొట్టారు. తరవాత పీరియడ్ నాదే. పిల్లల ముందు నిలబడ్డాను గానీ ఏ పాఠమో గుర్తు రాలేదు. పుస్తకం తెరిచి చదువుకోమని కుర్చీలో కూర్చున్నాను.

ఇరుక్కుపోవడమంటే ఏమిటో ఆ నలభై రోజుల్లో తెలిసింది. చెల్లికి రోజూ ఫోను చేసేదాన్ని. నేను చెప్పింది అబద్ధమని ఒక్క మాట అంటే చాలు, వచ్చేస్తుంది. కానీ అది అబద్ధం కాదే! పొగ నిజం, వేడి నిజం, సముద్రం ముందుకి రావడం కళ్లముందు నిజం. నా తప్పు ఆ నిజంలో లేదు, దాన్ని అందరికీ సమానంగా పంచడంలో ఉంది. ఉప్పు తేలి పొలం పోయినందుకే అది విమానం ఎక్కింది. ఎక్కినందుకు నాకు తీరువా కట్టింది. ఆ తీరువాతో వాళ్ల ఊరికే నేను నీళ్లు పంపి ఫొటోలు తీయించుకున్నాను. అరుగుమీద కూర్చున్న శివారు రైతుల దగ్గర్నించి మా నాన్న చూస్తుండగా వసూలు చేసినట్టే ఉంది. ఇదంతా ఫోనులో దానికి చెప్పబోతే, "నువ్వు బాధపడకక్కా, నువ్వు తప్పు చెప్పవు" అని నన్నే ఓదార్చేది.

కమిటీ కూడికలో విషయం పెట్టాను. పొట్టకూటికి గల్ఫు వెళ్లినవాళ్లు కట్టక్కర్లేదని, ఏడాదికి ఒకసారి ఎక్కేవాళ్లకి మినహాయింపు ఇచ్చి, ఎక్కేకొద్దీ తీరువా పెంచాలని అన్నాను. అయ్యగారు ఫ్యాను వైపు చూశారు. మేత ఏజెన్సీ ఆయన నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు.

"పిడికిలి అందరిదీ ఒకటేనని మీరే అన్నారు కదండి టీచరుగారూ. మనస్ఫూర్తిగా ఇస్తున్నాం. ఎక్కువసార్లు ఎక్కేవాడి దగ్గర ఎక్కువ లాగుతామంటే అది కానుక కాదండి, జరిమానా అండి. జరిమానాలు కట్టడానికి చర్చికి ఎందుకండీ రావడం?"

ఆయన బెదిరించలేదు. కానీ ఆయన మానేస్తే ట్యాంకరు ఆగిపోతుందని గదిలో అందరికీ తెలుసు. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు నా కళ్లముందు కనబడ్డారు. "పోనీ చూద్దాంలెండి, తొందరేముంది" అన్నారు అయ్యగారు. నేను తల వంచుకుని మినిట్స్ పుస్తకంలో అదే రాశాను. నా చేత్తో పెట్టిన నియమాన్ని నా చేత్తో తీయలేక, ఆ రోజు ఇంటికొచ్చి పిల్లమీద ఏదో చిన్నదానికి కేకలేశాను. అది పొయ్యి దగ్గర నిలబడి బియ్యం కడుగుతూ ఉంది.

వాళ్లమ్మ రావట్లేదని చెప్పినప్పుడు కూడా అది ఏడవలేదు. "విమానం ఎక్కితే సముద్రం వస్తుందనా?" అని మాత్రం అడిగింది. "అన్నం తిను" అన్నాను.

ఈస్టరు రోజున నేనే దాని తలమీద తెల్ల ముసుగు వేశాను. ముందు బెంచీ మీద పాటల పుస్తకాలకి ఫోను ఆనించి వీడియో కాల్ పెట్టాం. చెల్లి వాళ్ల మేడం వాళ్ల వంటింట్లో, తలకి గుడ్డ కట్టుకుని, తెరలో ఇంత మొహంతో కనిపించింది. పిల్ల బల్ల దగ్గర మోకరించినప్పుడు చెల్లి ఫోను మ్యూట్‌లో ఉంది. ఏడుస్తోందని పెదవుల్ని బట్టి తెలిసింది.

ఆరాధన అయ్యాక పిడికెడు బియ్యం వేలం. అందరూ సంచులు తెచ్చి బల్లమీద పెడుతున్నారు. పిల్ల బెంచీ కింద నుంచి ఒక పాలపొడి డబ్బా తీసింది. నా వంటింటి అటకమీద ఖాళీగా పడి ఉండాల్సిన డబ్బా అది. తీసుకెళ్లి బల్లమీద కాకుండా, పక్కనే ఉన్న గాలి తీరువా పెట్టె మీద పెట్టింది.

"ఏంటమ్మా అది?" అన్నారు అయ్యగారు.

"బియ్యం అండి. కుంచెడు ఉంది, కొలిచాను. శ్రమకాలం నలభై రోజులూ పూటపూటా తీశాను. ఇది అమ్మదండి, విమానానికి" అంది. తరవాత నా వైపు తిరిగింది. "ఎక్కకముందే తీయాలిగా పెద్దమ్మా? ముందే కట్టేస్తే అమ్మ రావచ్చు కదా?"

చర్చిలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు భూమి విచ్చుకుంటే బావుండుననిపించింది. మొదట లేచింది మళ్లీ మేత ఏజెన్సీ ఆయనే. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. "ఆ డబ్బా నేను పాడతానండి" అన్నారు. ఆ బియ్యం ఆయన చేతికి వెళ్లకూడదని నాకు ఒక్కసారిగా పంతం పుట్టింది. నేనూ పాడాను. ఆయన పెంచారు. నేను పెంచాను. టీచరుగారు సరదాగా పోటీకొస్తున్నారనుకుని ఆయన నవ్వుతూ ఇంకా పెంచారు. నా జీతానికి ఒక హద్దుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయిపోయింది. డబ్బా ఆయన కారు డిక్కీలోకి వెళ్లింది. మధ్యాహ్నం విమానానికి టైమైపోతోందని ఆయన భోజనానికి కూడా ఆగలేదు.

పిల్ల పరుగున ఫోను దగ్గరికి వెళ్లింది. "అమ్మా, కట్టేశాం. ఇంక నువ్వు రావచ్చు!"

చెల్లి మ్యూట్ తీసింది. "పెద్దమ్మకి ఇవ్వు" అంది.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. చెల్లి కళ్లు తుడుచుకుని నన్ను సూటిగా చూసింది. "అక్కా, నిజంగా రావచ్చా? ఏం కాదా?"

ఏం కాదని నేను చెప్పలేను. సోషల్ టీచర్ని, సమాధుల తోట చూసినదాన్ని. అవుతుందనీ చెప్పలేను, ముసుగు తీయకుండా ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆడవాళ్లందరూ చూస్తున్నారు. ఎటు తిరిగినా గోడే.

"వచ్చెయ్యవే" అన్నాను. "సముద్రం సంగతి నేను చూసుకుంటాను."

అంత అబద్ధం నా జన్మలో ఆడలేదు. చెల్లి మొహం చిన్నప్పుడు లాకు తలుపుల దగ్గర తేరుకున్నట్టే తేరుకుంది. "నువ్వు చూసుకుంటానంటే సరేలే అక్కా" అంది. నమ్మేసింది.

జూన్‌కి టికెట్టు చేయించుకుంది. టికెట్టు వచ్చిన రోజు నేను చర్చికి వెళ్లి పెట్టెలో దాని విమానానికి కుంచెడు బియ్యం ఖరీదు వేశాను. జాబితాలో ఎవరి పేరున రాస్తున్నారని అయ్యగారు అడిగారు. నా పేరున రాసుకున్నాను. ఆ ఆదివారం విమానం ఎక్కినవాళ్ల జాబితాలో నా పేరు చదివారు. బయటికొస్తుంటే మెట్లమీద అందరూ చుట్టూ చేరి, ఎప్పుడెక్కారండి టీచరుగారూ, ఎక్కడికెళ్లారండి అని అడిగారు. చెప్పులు వేసుకుని పిల్లని తీసుకుని ఇంటికొచ్చేశాను.